కొలిచినవాడే కొలతకు లోబడ్డాడు

అనంతపురం జిల్లాలో ఏ పల్లెకు వెళ్ళినా మనకు కనిపించే దృశ్యం ఒకటుంది. మినరల్ వాటర్ ప్లాంటు ముందు 20 లీటర్ల క్యాన్లు వరుసగా పెట్టి ఉంటాయి. ప్లాంటు నడిపే అబ్బాయి పెన్నులాంటి చిన్న పరికరం తీసి, బోరు నీళ్ళున్న గ్లాసులో ఒకసారి, శుద్ధి చేసిన నీళ్ళున్న గ్లాసులో ఒకసారి ముంచి చూపిస్తాడు. మొదటి గ్లాసులో అంకె వెయ్యి దాటుతుంది. రెండో గ్లాసులో వందలోపే ఉంటుంది. రెండు గ్లాసుల్లో నీళ్ళూ కంటికి ఒకేలా తేటగా ఉంటాయి. తేడా చెప్పింది మన కన్ను కాదు, ఆ పెన్ను.

ఆ పెన్ను చివర రెండు లోహపు మొనలుంటాయి. వాటి మధ్య నీటిలోంచి కొద్దిపాటి విద్యుత్తు పోతుంది. నీటిలో ఎంత ఎక్కువ ఉప్పు కరిగి ఉంటే విద్యుత్తు అంత సులువుగా పోతుంది. దాన్ని బట్టి లీటరు నీటిలో కరిగిన లవణాలు సుమారు ఎన్ని మిల్లీగ్రాములున్నాయో పెన్ను లెక్కగట్టి చూపిస్తుంది. దాన్నే అందరం టీడీఎస్ అంటున్నాం. ఇక్కడ ఏడాదికి సగటున కురిసేది 550 మిల్లీమీటర్ల వాన. అదీ ఒక ఏడు కురిస్తే మరో ఏడు ముఖం చాటేస్తుంది. చెరువులెండితే బోరు తప్ప గతి లేదు. వందల అడుగుల లోతున గ్రానైటు రాళ్ళ పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలిచిన నీళ్ళలో రాతిలోని లవణాలు కరుగుతాయి. వాటితోపాటు పళ్ళను, ఎముకలను పాడుచేసే ఫ్లోరైడ్ కూడా చేరుతుంది.

నీటిలో కరిగి కంటికి కనబడకుండా నడిచే ఈ కణాలకు అయాన్లు అని పేరు. ఆ పేరును లోకానికిచ్చి, అవి మోసే విద్యుత్తుకు ఖచ్చితమైన లెక్క చూపినవాడు మైకేల్ ఫారడే. పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు చదవని విద్యార్థి ఉండడు. ఆయన ఒక చిన్న క్రైస్తవ సంఘంలో జీవితాంతం నమ్మకంగా నిలిచిన విశ్వాసి అన్న సంగతి మాత్రం తక్కువమందికి తెలుసు.

కమ్మరి కొడుకు

ఫారడే 1791 సెప్టెంబరు 22న లండన్ పక్కనున్న న్యూయింగ్టన్‌లో పుట్టాడు. తండ్రి జేమ్స్ కమ్మరి. పని కోసం ఉత్తర ఇంగ్లాండు నుంచి భార్య మార్గరెట్‌తో, పిల్లలతో పట్నానికి వలస వచ్చినవాడు. కరువు వచ్చినప్పుడు బెంగళూరుకు మూటాముల్లె సర్దుకునే కుటుంబాలను చూసిన మనకు ఆ వలస కష్టం వేరే చెప్పనక్కర్లేదు. జేమ్స్ ఆరోగ్యం అంతంతమాత్రం. కొలిమి దగ్గర రోజంతా నిలబడే శక్తి లేక పని దినాలు తగ్గిపోయేవి. 1801లో ధాన్యం ధరలు మండిపోయాయి. అప్పుడు మైకేల్‌కు వారానికొక్క రొట్టె ఇచ్చేవారనీ, దాన్నే అతను వారమంతా సరిపెట్టుకునేవాడనీ ఆయన జీవితచరిత్ర రాసినవారు చెబుతారు.

బడి చదువు అక్షరాలు, లెక్కలతో ఆగిపోయింది. అయితే ఆదివారం ఆరాధన మాత్రం ఆగలేదు. జేమ్స్ కుటుంబం వెళ్ళేది శాండిమానియన్లు అనే చిన్న సంఘానికి. స్కాట్లండులో జాన్ గ్లాస్ మొదలుపెట్టగా, ఆయన అల్లుడు రాబర్ట్ శాండిమన్ విస్తరింపజేసిన సంఘమది. దానికి జీతం తీసుకునే పాదిరి లేడు. సంఘమే ఎన్నుకున్న పెద్దలు వాక్యం చెప్పేవారు. ఆదివారం అందరూ కలిసి ప్రేమ విందు చేసేవారు. సొమ్ము కూడబెట్టుకోవడం విశ్వాసికి తగదని వారి నమ్మకం. సభ్యుల్లో ఎవరు తప్పినా, ఎంతటివాడైనా, సంఘం ముందు నిలబడి లోబడవలసిందే. ఈ చివరి నియమాన్ని గుర్తుంచుకుందాం. దాని అవసరం తర్వాత వస్తుంది.

పదమూడో ఏట మైకేల్ జార్జి రీబో అనే పుస్తకాల వ్యాపారి దగ్గర కుర్రవాడుగా చేరాడు. పత్రికలు ఇంటింటికీ వేయడం అతని పని. మరుసటి ఏడు, 1805లో, పుస్తకాలకు అట్టలు కట్టే పని నేర్చుకోవడానికి ఏడేళ్ళ ఒప్పందం కుదిరింది. అట్ట కట్టడానికి వచ్చిన పుస్తకాన్ని కుట్టి పక్కన పెట్టేవారే ఎక్కువ. ఈ కుర్రవాడు చదివేవాడు. బ్రిటానికా విజ్ఞాన సర్వస్వంలో విద్యుత్తు మీద వ్యాసం అలాగే చేతికొచ్చింది. జేన్ మార్సెట్ అనే ఆవిడ రసాయన శాస్త్రం గురించి మామూలు పాఠకుల కోసం రాసిన పుస్తకమూ అలాగే దొరికింది. చదివినదాన్ని నమ్మేముందు తన చేతితో చేసి చూడాలన్న పట్టుదల అప్పుడే అతనిలో పుట్టింది. సాయంత్రం ఉపన్యాసాలకు టికెట్టు షిల్లింగు. ఆ షిల్లింగు కమ్మరి పని చేసే అన్న రాబర్ట్ ఇచ్చేవాడు. 1810లో తండ్రి కన్నుమూశాడు.

ఏడు నాణేల బ్యాటరీ

1812 వేసవి. ఫారడే వయసు ఇరవై. అర్ధ పెన్నీ రాగి నాణేలు ఏడు తీసుకున్నాడు. అదే సైజులో జింకు బిళ్ళలు కత్తిరించుకున్నాడు. ఒక నాణెం, ఒక జింకు బిళ్ళ, మధ్య మధ్య ఉప్పు నీళ్ళలో తడిపిన కాగితం, ఇలా ఒకదాని మీద ఒకటి పేర్చాడు. ఇటలీ శాస్త్రవేత్త వోల్టా 1800లో లోకానికి చూపిన మొదటి బ్యాటరీకి ఇది పేదవాడి నకలు.

అది పనిచేసే విధానం ఇది. జింకు తనలోని విద్యుత్ కణాలను వదులుకోవడానికి రాగికంటే సిద్ధంగా ఉంటుంది. రెండింటినీ తీగతో కలిపితే జింకు కొద్దికొద్దిగా కరుగుతూ ఆ కణాలను తీగలోకి పంపుతుంది. లోపల తడి కాగితంలోని ఉప్పు కణాలు అటూ ఇటూ కదిలి లెక్క సరిచేస్తాయి. కాగితం ఆరిపోతే లోపలి దారి మూసుకుపోతుంది, బ్యాటరీ ఆగిపోతుంది. మంచి నీళ్ళతో తడిపితే పని అంతంతమాత్రం. ఉప్పు కరిగిన నీరే దారి. టార్చిలైటు సెల్లు నుంచి ఇంటి ఇన్వర్టరు బ్యాటరీ వరకు ఇదే సూత్రం. రెండు వేర్వేరు పదార్థాలు, వాటి నడుమ అయాన్లు నడిచే మార్గం. ఇన్వర్టరు బ్యాటరీలో బోరు నీళ్ళు పోయవద్దని, డిస్టిల్డ్ వాటరే పోయాలని మెకానిక్కు ఎందుకంటాడో కూడా ఇక్కడే అర్థమవుతుంది. బోరు నీళ్ళతోపాటు పిలవని అయాన్లు లోపలికి చేరి పలకలను పాడుచేస్తాయి.

తన నాణేల బ్యాటరీ తీగలను ఫారడే ఎప్సమ్ సాల్ట్ కరిగించిన నీటిలో ముంచాడు. తీగల దగ్గర బుడగలు లేచాయి. ద్రవం మసకబారింది. ఉప్పు విడిపోతోంది! ఆ సంతోషాన్ని పట్టలేక స్నేహితుడు బెంజమిన్ ఆబట్‌కు పెద్ద ఉత్తరం రాశాడు.

అదే ఏడు దుకాణానికి వచ్చే ఒక పెద్దమనిషి అతనికి రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలకు టికెట్లు ఇప్పించాడు. డేవీ అప్పటికే బ్యాటరీ సాయంతో సోడియం, పొటాషియం లోహాలను విడదీసిన మహా శాస్త్రవేత్త. నాలుగు ఉపన్యాసాలనూ ఫారడే శ్రద్ధగా విని, బొమ్మలతో సహా రాసుకుని, తన చేతులతో అట్ట కట్టి డేవీకి పంపాడు. అట్టలు కట్టే విద్య అలా అక్కరకొచ్చింది. 1813 మార్చిలో వారానికి 25 షిల్లింగుల జీతం, పైఅంతస్తులో ఉండటానికి రెండు గదులతో అతను అక్కడ సహాయకుడయ్యాడు. మొదటి పని సీసాలు కడగడం, ఉపన్యాసానికి సామాను సర్దడం. డేవీతో కలిసి యూరప్ అంతా తిరిగినప్పుడు సేవకుడి పనులు కూడా చేయవలసి వచ్చింది. డేవీ భార్య అతన్ని నౌకరులాగే చూసింది. అవమానం మింగుకున్నాడు గానీ నేర్చుకోవడం మానలేదు. ఆ ప్రయాణంలోనే 1814లో వృద్ధుడైన వోల్టాను కళ్ళారా చూశాడు.

నింద పడ్డ రోజులు

1821 ఆయన జీవితంలో మరిచిపోలేని ఏడు. జూన్‌లో తన సంఘానికే చెందిన సారా బర్నార్డ్‌ను పెళ్ళాడాడు. సుమారు నెల రోజులకు సంఘం ముందు తన విశ్వాసాన్ని ఒప్పుకుని సభ్యుడయ్యాడు. అప్పటిదాకా తల్లిదండ్రుల విశ్వాసం వెంట నడిచినవాడు ఇక తన కాళ్ళ మీద నిలబడ్డాడు.

సెప్టెంబరులో పాదరసం గిన్నెలో తీగను అయస్కాంతం చుట్టూ తిరిగేలా చేశాడు. ఈనాటి మోటార్లన్నిటికీ అది ముత్తాత. ఆ ఫలితాన్ని తొందరపడి ప్రచురించాడు. అదే దారిలో అంతకుముందే ఆలోచించిన వొల్లాస్టన్ అనే పెద్ద శాస్త్రవేత్త పేరును అందులో తలచలేదు. ఇంకొకరి ఆలోచన కాజేశాడని గుసగుసలు మొదలయ్యాయి. నిజాయితీయే ఆస్తిగా బతికే మనిషికి అంతకన్నా పెద్ద దెబ్బ ఏముంటుంది? ఫారడే నేరుగా వొల్లాస్టన్ దగ్గరకే వెళ్ళి మాట్లాడాడు. వొల్లాస్టన్ పెద్దమనసు చూపాడు. కానీ గురువు డేవీ మనసు మాత్రం విరిగింది. రాయల్ సొసైటీ సభ్యుడిగా ఫారడే పేరు వచ్చినప్పుడు అధ్యక్ష స్థానంలో ఉన్న డేవీయే అడ్డుపడ్డాడు. అయినా 1824లో ఫారడే ఎన్నికయ్యాడు. ఆ తర్వాత కూడా ఆయన డేవీని తూలనాడలేదు. తనకు తలుపు తెరిచినవాడిగానే చివరిదాకా గౌరవించాడు.

1831లో అయస్కాంతం కదలికతో తీగలో విద్యుత్తు పుట్టించవచ్చని చూపాడు. మన కరెంటు దాదాపు అంతా అక్కణ్ణుంచి వచ్చిందే. ఆ మహా ఆవిష్కరణను చాలామంది రాశారు. మనం మాత్రం ఆయన వెంట మళ్ళీ ఉప్పు నీళ్ళ దగ్గరకే వద్దాం.

కరిగితేనే నడక

1833 మొదట్లో ఫారడే ఒక చిన్న విషయం గమనించాడు. నీటిలోంచి పోతున్న విద్యుత్తు, ఆ నీరు గడ్డకట్టి మంచయితే ఆగిపోతోంది. పలుచటి మంచు పొర చాలు, బ్యాటరీ బలం అంతా వ్యర్థం. మంచు కరగగానే మళ్ళీ ప్రవాహం. దాంతో ఆగక ఎన్నో లవణాలను తీసుకుని పరీక్షించాడు. గట్టిగా గడ్డగా ఉన్నప్పుడు విద్యుత్తును అడ్డగించినవే వేడికి కరిగి ద్రవమైతే దారినిచ్చాయి. సంచిలో ఉప్పు సంచిలోనే ఉంటే ఏమీ మోయదు. కరిగితేనే మోస్తుంది. కొండ మీద ప్రసంగంలో ప్రభువు తన శిష్యులను ఉప్పుతో పోల్చిన సంగతి మనకందరికీ కంఠతా వచ్చు. ఉప్పు తన రూపం పోగొట్టుకున్నాకే పనికొస్తుందన్న సంగతిని వంటింట్లో రోజూ చూస్తూనే మరిచిపోతుంటాం.

ఆ తర్వాత ఫారడే అసలు ప్రశ్న వేసుకున్నాడు. ఇంత విద్యుత్తు పంపితే ఇంత పదార్థం విడిపోతుందని లెక్క చెప్పగలమా? పాత్ర పెద్దదైనా చిన్నదైనా, తీగలు దగ్గరున్నా దూరమున్నా, ఉప్పు నీళ్ళు చిక్కగా ఉన్నా పలుచగా ఉన్నా మార్చి మార్చి చూశాడు. విడిపోయిన పదార్థం ఎప్పుడూ ప్రవహించిన విద్యుత్తు మొత్తానికి సమపాళ్ళలోనే ఉంది. రెట్టింపు విద్యుత్తుకు రెట్టింపు పదార్థం. ఇది మొదటి నియమం. అదే విద్యుత్తును వరుసగా వేర్వేరు ద్రావణాల్లోంచి పంపితే ఒక్కో పదార్థం దాని రసాయన తుల్యభారం ప్రకారం విడిపోయింది. ఒక గ్రాము హైడ్రోజన్‌ను విడుదల చేసే విద్యుత్తే సుమారు 108 గ్రాముల వెండిని, సుమారు 32 గ్రాముల రాగిని తీగ మీదకు చేరుస్తుంది. ఇది రెండో నియమం. ఆ విద్యుత్తు మోతాదును ఈనాడు ఫారడే పేరుతోనే పిలుస్తున్నారు. దాని విలువ సుమారు 96,485 కూలుంబులు.

నగకు బంగారు పూత వేసే పనివాడికైనా, అల్యూమినియం తీసే కర్మాగారానికైనా, ఫోన్ బ్యాటరీ తయారుచేసే కంపెనీకైనా ఇప్పటికీ ఇదే లెక్క. ఈ త్రాసులో మోసం లేదు. సామెతల గ్రంథం దొంగ త్రాసును దేవుడు అసహ్యించుకుంటాడని హెచ్చరిస్తుంది. ఆ గ్రంథాన్ని చిన్ననాటి నుంచి చదివిన మనిషికి సృష్టిలో ఇంత నికార్సయిన త్రాసు కనిపించినప్పుడు ఎలా ఉండి ఉంటుందో మనం ఊహించుకోవచ్చు. సృష్టిని నడిపే నియమాలు సృష్టికర్త ఉంచినవేనని ఫారడే నమ్మకం. అయితే ప్రయోగశాలలో దేవుణ్ణి రుజువు చేయాలని ఆయన ఎన్నడూ పూనుకోలేదు. విశ్వాసం వచ్చే దారి వేరు, ప్రయోగఫలం వచ్చే దారి వేరు అని స్పష్టంగా ఎరిగినవాడు.

కొత్త సంగతికి కొత్త మాటలు కావాలి. ఫారడేకు గ్రీకు రాదు. రాదని ఒప్పుకుని తెలిసినవారిని అడిగాడు. విట్లాక్ నికోల్ అనే వైద్యుణ్ణి, కేంబ్రిడ్జిలో ఉన్న విలియం హ్యూవెల్ అనే క్రైస్తవ గురువును సలహా కోరాడు. 1834లో ఎలక్ట్రోడు, ఎలక్ట్రోలైటు, ఆనోడు, కాథోడు, అయాన్ అనే మాటలు అలా అచ్చయ్యాయి. ఎలక్ట్రోలైటునే మన పుస్తకాలు విద్యుద్విశ్లేష్యం అంటాయి. అయాన్ అంటే గ్రీకులో నడిచేది అని అర్థం. ఎంత చక్కని పేరు!

ఫారడేకు అన్నీ తెలియలేదని కూడా చెప్పుకోవాలి. విద్యుత్తు పంపినప్పుడే ఉప్పు కణాలు విడిపోతాయని ఆయన అనుకున్నాడు. ఉప్పు నీటిలో కరిగినప్పుడే అయాన్లుగా విడిపోయి ఉంటుందని స్వీడన్ దేశస్థుడు అర్హీనియస్ 1880లలో చూపాడు. మొదట పెద్దలు నవ్వారు. 1903లో నోబెల్ బహుమతి వచ్చింది. ఒకరు వేసిన పునాదిని మరొకరు సరిచేసి గోడ లేపడం జ్ఞానానికి మామూలే.

వద్దన్న వాటి జాబితా

ఫారడేకు కంపెనీల కోసం పరీక్షలు చేసిపెట్టి బాగా సంపాదించే అవకాశం ఉండేది. ఆ పనిని చాలావరకు వదులుకుని పరిశోధనకే సమయమిచ్చాడు. తన ఆవిష్కరణలతో డబ్బు చేసుకోవాలని చూడలేదు. 1835లో ప్రభుత్వం పింఛను ఇవ్వబోగా ప్రధానమంత్రి మెల్బోర్న్ అలాంటి పింఛన్లను తేలికచేసి మాట్లాడాడు. ఫారడే మర్యాదగా వద్దని చీటీ పంపాడు. ప్రధాని క్షమాపణ చెప్పుకున్నాకే ఏడాదికి 300 పౌండ్లు తీసుకున్నాడు. సర్ బిరుదు వద్దన్నాడు. రాయల్ సొసైటీ అధ్యక్ష పదవి వద్దన్నాడు. క్రిస్మస్ రోజుల్లో పిల్లలకు శాస్త్ర పాఠాలు చెప్పడం మాత్రం ఎంతో ఇష్టంగా చేశాడు. 19 ఏళ్ళ పాఠాలు ఆయనవే. సంతానం లేని ఆ దంపతులకు పిల్లల సందడి అక్కడే దొరికింది. మిగిలిన సమయంలో సంఘంలోని రోగులనూ పేదలనూ చూడటానికి వెళ్ళేవాడు.

సంఘం ముందు నిలబడిన రోజు

1840లో సంఘం ఆయన్ను పెద్దగా ఎన్నుకుంది. నాలుగేళ్ళకు, 1844 మార్చి చివర, అదే సంఘం ఆయన్ను సహవాసం నుంచి తప్పించింది!

దీని గురించి ఒక కథ బాగా వ్యాపించింది. ఒక ఆదివారం విక్టోరియా రాణి విందుకు పిలిస్తే వెళ్ళాడనీ, ఆరాధన మానినందుకు సంఘం శిక్షించిందనీ ఆ కథ చెబుతుంది. ప్రసంగాల్లో చెప్పుకోవడానికి బాగుంటుంది. అయితే సంఘపు రికార్డులను తిరగేసిన పరిశోధకులకు దానికి ఆధారం దొరకలేదు. అప్పుడు తప్పించింది ఫారడే ఒక్కణ్ణే కాదు. ఆయన బంధువులతో సహా పలువురిని ఒకేసారి తప్పించారు. సంఘ క్రమశిక్షణ విషయంలో వచ్చిన అభిప్రాయభేదం దానికి మూలమని తేలింది. ఫారడే గురించి చెప్పేటప్పుడు ఫారడేలాగే ఉన్నది ఉన్నట్టు చెప్పడం మన బాధ్యత.

అప్పటికి ఆయన యూరప్ అంతా ఎరిగిన శాస్త్రవేత్త. ఆ సంఘంలో ఉన్నవారు ఎక్కువమంది చేతి వృత్తులవారు, చిన్న వ్యాపారులు. వీరెవరు నన్ను తీర్పు తీర్చడానికి అని ఆయన అనుకుంటే అడిగేవారు లేరు. లండన్‌లో పెద్ద పెద్ద చర్చీలు ఆయన్ను ఎదురేగి తీసుకెళ్ళేవి. ఆయన ఎక్కడికీ పోలేదు. తనకూ ఒక మందను కూడగట్టుకోలేదు. పత్రికకెక్కలేదు. ఎంతో కుంగిపోయాడు గానీ ఆ సంఘం ముందే మళ్ళీ నిలబడ్డాడు. కొన్ని వారాల్లో వారు ఆయన్ను తిరిగి చేర్చుకున్నారు. పెద్దరికం మాత్రం పోయింది. పదహారేళ్ళపాటు మామూలు సభ్యుడిగా బల్ల మీద కూర్చున్నాడు. 1860లో సంఘం ఆయన్ను తిరిగి పెద్దగా ఎన్నుకుంది.

చిన్న మాట పట్టింపుకే సంఘం మారే రోజులివి. కమిటీలో పదవి దక్కలేదని వేరే బోర్డు కట్టే రోజులివి. లోకంలోని ప్రతిదాన్నీ కొలిచిన ఆ మనిషి, తనను కొలిచే హక్కు తన సహోదరులకు ఉందని ఒప్పుకున్నాడు. ఆయన నియమాలకన్నా ఇదే మనకు కష్టమైన పాఠం.

తెల్ల కాగితం ముక్కలు

1855 జూలై 7న ఫారడే థేమ్స్ నది మీద స్టీమరులో వెళుతున్నాడు. లండన్ పట్నం మురుగంతా ఆ నదిలోకే పోయేది. అంతకుముందు ఏడాదే కలరా వేలమందిని పొట్టన పెట్టుకుంది. నది వాసన అందరికీ తెలుసు. అందరూ ముక్కు మూసుకుని పోయేవారు. ఫారడే కొన్ని తెల్ల అట్ట ముక్కలు చింపి, సులువుగా మునిగేందుకు తడిపి, స్టీమరు ఆగిన ప్రతి రేవు దగ్గర నీళ్ళలో వదిలాడు. ఎండ బాగా కాస్తున్నా, అంగుళం లోతుకు దిగకుండానే తెల్ల ముక్క కనబడకుండా పోయింది. చూసింది చూసినట్టు రాసి టైమ్స్ పత్రికకు పంపాడు. ఎవరినీ తిట్టలేదు. నది మురుగు కాలువగా మారిందని, దీన్ని ఉపేక్షిస్తే ఎండాకాలంలో ఫలితం అనుభవించవలసి వస్తుందని హెచ్చరించాడు. మూడేళ్ళకు, 1858 వేసవిలో, దుర్గంధం భరించలేక పార్లమెంటే కదిలింది. ఇంజనీరు బాజల్‌గెట్ కట్టించిన భూగర్భ కాలువలు ఆ తర్వాత వచ్చాయి.

ఒక అట్ట ముక్క, ఒక ఉత్తరం. నీళ్ళు బాగాలేవని అందరికీ తెలిసినచోట, ఎంత బాగాలేవో కొలిచి చెప్పే మనిషి ఒక్కడు కావలసి వచ్చింది.

చివరి రోజుల్లో ఆయనకు జ్ఞాపకశక్తి సన్నగిల్లింది. ఆ సంగతి దాచుకోకుండా ఒక్కొక్క బాధ్యతనే దించుకుంటూ వచ్చాడు. 1864లో సంఘ పెద్దరికాన్నీ వదిలాడు. రాణి ఇచ్చిన హాంప్టన్ కోర్టు ఇంట్లో 1867 ఆగస్టు 25న కుర్చీలో కూర్చునే ప్రశాంతంగా ప్రభువునందు నిద్రించాడు. కోరుకున్నట్టే ఆడంబరం లేకుండా హైగేట్ సమాధుల తోటలో పాతిపెట్టారు.

మన గ్లాసులోని నీళ్ళు

ఇప్పుడు మళ్ళీ అనంతపురం పల్లెకు వద్దాం. తెలుగు నేల మీద ఫ్లోరైడ్ బాధను వైద్యులు మొదట లోకానికి చెప్పింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల నుంచి. అంతకుముందు ఎన్ని తరాలు వంగిన నడుములను, బిగిసిన కీళ్ళను తలరాత అనుకుని భరించాయో! పాపఫలమని ఈసడించినవారూ ఉండి ఉంటారు. అది శాపం కాదు, నీటిలోని ఒక అయాన్ అని కొలిచి చెప్పాకే దారి తెరుచుకుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మొదట చెప్పుకున్న పెన్ను అన్ని అయాన్లనూ కలిపి లెక్కిస్తుంది. అందులో ఫ్లోరైడ్ ఎంతో చెప్పలేదు. తాగే నీటిలో లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని, వేరే దిక్కు లేనిచోట 2,000 దాకా ఫరవాలేదని మన దేశ ప్రమాణం చెబుతుంది. ఫ్లోరైడ్‌కు మాత్రం హద్దు 1 మిల్లీగ్రాము, వేరే దిక్కు లేకపోతే 1.5. వందల్లో ఉండే లెక్కలో ఒకటిన్నర ఎక్కడ కనిపిస్తుంది? పెన్ను మీద అంకె తక్కువగా ఉన్న బోరులోనూ ఫ్లోరైడ్ హద్దు దాటి ఉండవచ్చు. దాన్ని పట్టడానికి వేరే ఎలక్ట్రోడు ఉంది. 1966లో అమెరికాలో తయారైంది. దాని కొనన ఉండే లాంథనం ఫ్లోరైడ్ స్ఫటికంలోంచి ఫ్లోరైడ్ అయాన్లు తప్ప వేరేవి నడవలేవు. కాబట్టి అక్కడ పుట్టే వోల్టేజి ఫ్లోరైడ్ గురించే సాక్ష్యమిస్తుంది. అదీ ఒక విద్యుత్ ఘటమే, ఫారడే నాణేల బ్యాటరీకి మునిమనవరాలే. బాగా వేడిచేస్తే లెడ్ ఫ్లోరైడ్ గట్టిగా ఉండగానే విద్యుత్తును పోనిస్తుందని 1830లలోనే ఫారడే గమనించి రాసిపెట్టాడు. వందేళ్ళకు పైగా నిద్రపోయిన ఆ విత్తనం ఇలా మొలకెత్తింది.

మన ఊరి బోరు నీటిని ఒక సీసాలో పట్టి నీటి పరీక్షల ల్యాబుకు పంపించి, ఫ్లోరైడ్ ఎంతుందో అడగటానికి ఎంతో ఖర్చు కాదు. మందిరానికి రంగులు వేయించడానికి, మైకు సెట్టు కొనడానికి చందాలు పోగు చేసే మన సంఘాలు ఆ పని కూడా తలకెత్తుకోవచ్చు. వచ్చిన అంకెను మందిరం గోడ మీద, బడి గోడ మీద అందరూ చదివేలా రాయవచ్చు. యెరికో ఊరివారు తమ ఊరు మంచిదే గానీ నీళ్ళు మంచివి కావని దాచకుండా ప్రవక్త ఎలీషాకు చెప్పుకున్నారు. బాగుపడటం అక్కడ మొదలైంది.

నీళ్ళ సంగతి అలా ఉంచితే, మన లోపల ఏముందో కొలవమని మనం ఎవరికైనా అప్పగించుకున్నామా? పైకి తేటగా కనిపించే గ్లాసు మనలో ప్రతి ఒక్కరమూ. తప్పు చూపిన సహోదరుడి మీద అలిగి గుమ్మం దాటిపోయే ముందు, 1844లో అదే సంఘం ముందు తల వంచి నిలబడిన ఆ కమ్మరి కొడుకును ఒక్కసారి తలచుకుందాం.